నాన్న పోయినా కన్నీరు రాలేదు: ఇది స్టోయిక్ నిగ్రహమేనా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. రాజమహేంద్రవరంలో ఉద్యోగం. రెండేళ్లుగా స్టోయిక్కులనే రోమన్ కాలపు తత్త్వవేత్తలను, ముఖ్యంగా మార్కస్ ఆరీలియస్‌ను చదువుతున్నాను. "ఈ రోజు నీకు తలదూర్చేవాళ్లు, కృతఘ్నులు, అహంకారులు, మోసగాళ్లు ఎదురవుతారు" అన్న ఆయన వాక్యం నా ఫోను తెర మీద ఎప్పుడూ ఉంటుంది. మన చేతిలో లేనివాటి గురించి బాధపడకూడదన్న వారి సూత్రం నాకు బాగా పట్టింది. ఎనిమిది నెలల క్రితం మా నాన్నగారు పోయారు. ఒక్క కన్నీటి చుక్క రాలేదు, సాధన ఫలించిందనుకున్నాను. ఊళ్లోని ఇంటి స్థలమంతా అన్నయ్య అంతకు రెండు నెలల ముందే తన పేరిట రాయించుకున్నాడని పెద్దకర్మ రోజున తెలిసింది. అదీ నా చేతిలో లేదనుకొని ఊరుకున్నాను. ఆనాటి నుంచి అన్నయ్యతో మాటల్లేవు. ఈమధ్య మా అమ్మాయికి డెంగీ వచ్చి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంటే, నేను వెళ్లి చేసేదేముందని మొదటి రెండు రోజులు ఆఫీసులోనే ఉండిపోయాను. "మీరు రాయైపోయారు" అంటోంది నా భార్య. నేనెక్కడైనా పొరబడ్డానా? గీతలో చెప్పిన స్థితప్రజ్ఞత ఇదే కదా? ఇంకా ఏం చదవమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో మూడు సంఘటనలున్నాయి, ఒక బిరుదు ఉంది. ఆ బిరుదు ఇచ్చిన మీ శ్రీమతి స్టోయిక్ గురువు ఎపిక్టీటస్‌ను చదివి ఉండకపోవచ్చు గాని, ఆయన శిష్యులకు చేసిన హెచ్చరిక దాదాపు ఆ మాటే. "నేను శిల్పంలా చలనం లేకుండా ఉండకూడదు" అంటాడాయన తన ప్రసంగాల మూడో భాగంలో. దైవభక్తి గలవాడిగా, కొడుకుగా, సోదరుడిగా, తండ్రిగా, పౌరుడిగా, పుట్టుకతో వచ్చిన సంబంధాలనూ తాను కల్పించుకున్న సంబంధాలనూ నిలుపుకుంటూ ఉండాలి అని ఆ వాక్యం ముగుస్తుంది. కొడుకు, సోదరుడు, తండ్రి: మీరు నాకు రాసిన మూడు సంగతులూ అదే వరుసలో ఉన్నాయి. అందువల్ల పొరబడ్డారనే చెప్పాలి. అయితే ఈ పొరపాటు మీ ఒక్కరిదీ కాదు. ఆ పుస్తకాల్లోంచి వాక్యాలు ఊడదీసి ఫోన్ల మీదా గోడల మీదా అంటించే ఈ రోజుల్లో, వాటిని రాసినవాళ్లు ఎవరో, ఎవరికి రాశారో, ఏ సందర్భంలో రాశారో తెలియకుండానే చాలామంది వాటితో రోజులు గడుపుతున్నారు.

ముందు మీ ఫోను మీది వాక్యం సంగతి చూద్దాం. మార్కస్ రాసుకున్న పన్నెండు భాగాల పుస్తకంలో రెండో భాగం ఆ వాక్యంతోనే మొదలవుతుంది. కాని ఆ పేరా అక్కడితో ఆగదు. వాళ్లు అలా ఉండడానికి కారణం మంచి ఏదో చెడు ఏదో తెలియకపోవడమేననీ, తప్పు చేసినవాడు కూడా తనకు బంధువేననీ, ఆ బంధుత్వం రక్తం వల్ల వచ్చింది కాదు, ఇద్దరిలోనూ ఉన్న బుద్ధి వల్ల వచ్చిందనీ, కనుక అతని మీద కోపగించడం గాని ద్వేషించడం గాని తనకు తగదనీ ఆయన తనకు తాను చెప్పుకుంటాడు. మనం కలిసి పనిచేయడానికి పుట్టాం, రెండు పాదాల్లా, రెండు చేతుల్లా, కనురెప్పల్లా, పై పళ్ల వరుస కింది పళ్ల వరుసలా అంటాడు. ఒకరికొకరు అడ్డుపడడం ప్రకృతికి విరుద్ధం. కోపగించడమూ ముఖం తిప్పుకోవడమూ అలా అడ్డుపడడమే అన్నది ఆ పేరాలో చివరి మాట. మీరు మొదటి సగం ఫోనులో పెట్టుకున్నారు. రెండో సగం చదివి ఉంటే, ఎనిమిది నెలలుగా అన్నయ్యతో మాట్లాడకపోవడాన్ని నిగ్రహమని పిలిచేవారు కాదు.

ఆ మాటలు రాసుకున్న మనిషి ఎవరో కూడా గుర్తుంచుకోవాలి. క్రీ.శ. 161 నుంచి 180 వరకు రోమన్ చక్రవర్తిగా ఉన్న మార్కస్, పాలనలో చాలా కాలం డాన్యూబ్ నది సరిహద్దులో యుద్ధ శిబిరాల్లో గడిపాడు. ఒక భాగం తలకట్టులో క్వాడీ తెగవారి దేశంలో, గ్రానువా నది ఒడ్డున అని ఉంటుంది. తూర్పు దేశాల నుంచి తిరిగి వచ్చిన సైన్యంతో 165 ప్రాంతంలో మొదలైన మహమ్మారి ఆయన కాలమంతా సామ్రాజ్యాన్ని పీడించింది. ఆయనకూ భార్య ఫౌస్టీనాకూ పన్నెండు మందికి పైగా పిల్లలు పుడితే, వాళ్లలో సగం మందికి పైగా ఆయన బతికుండగానే పోయారు. ఆ పుస్తకం గ్రీకులో, తన కోసం తాను రాసుకున్నది. లోకానికి ఉపదేశం చేయాలన్న తలంపు అందులో కనిపించదు. మనసు చలించని మనిషికి, చలించకు అని ప్రతి రాత్రీ రాసుకోవలసిన పని ఏముంటుంది? మార్కస్ యువకుడుగా ఉన్నప్పుడు తనను పెంచి చదివించినవాడు చనిపోతే ఏడుస్తుండగా అంతఃపురంలోని పరిజనం ఆపబోయారనీ, అప్పుడు పెంపుడు తండ్రి ఆంటోనైనస్ చక్రవర్తి వారించి, "అతణ్ని మనిషిగా ఉండనివ్వండి, తత్త్వశాస్త్రం గాని సామ్రాజ్యం గాని మమతను తీసివేయవు" అన్నాడనీ ఒక పాత రోమన్ జీవిత చరిత్రలో ఉంది.

ఇక కన్నీళ్ల విషయం. దీని మీద కాస్త నిదానంగా మాట్లాడాలి, ఎందుకంటే స్టోయిక్కులను లోకం అపార్థం చేసుకున్నది ఎక్కువగా ఇక్కడే.

క్రీ.శ. రెండో శతాబ్దంలో ఔలస్ గెలియస్ అనే రోమన్ రచయిత ఓడలో గ్రీసు వైపు నుంచి ఇటలీలోని బ్రుండీసియం రేవుకు వస్తున్నాడు. అదే ఓడలో ఏథెన్సులో పేరు మోసిన ఒక స్టోయిక్ ఆచార్యుడు ఉన్నాడు. రాత్రి అయోనియన్ సముద్రంలో తుపాను పట్టుకుంది. ఓడలోకి నీళ్లు వస్తున్నాయి, అందరూ గగ్గోలు పెడుతున్నారు. ఇలాంటి వేళ తత్త్వవేత్త ఎలా ఉంటాడో చూద్దామని గెలియస్ ఆయన ముఖం వైపు చూశాడు. ఆయన ఏడవడం లేదు, అరవడం లేదు. కాని ముఖం మాత్రం మిగతావాళ్ల ముఖంలాగే పాలిపోయి ఉంది. సముద్రం శాంతించాక, ఆసియా నుంచి వచ్చిన ఒక ధనికుడు, ఖరీదైన బట్టలూ పరివారమూ వెంటబెట్టుకున్నవాడు, ఆయన దగ్గరికి వచ్చి "నేను భయపడలేదు, నా ముఖం పాలిపోలేదు, తత్త్వవేత్తవు నీకేమైంది?" అని ఎకసెక్కమాడాడు. అతనికి ఒక పరిహాసపు జవాబు పడేసి పంపించిన ఆచార్యుడు, రేవు దగ్గరపడుతుండగా గెలియస్ వినయంగా అదే ప్రశ్న అడిగేసరికి, తన సంచిలోంచి ఎపిక్టీటస్ ప్రసంగాల అయిదో భాగం తీసి చూపించాడు. ఆ భాగం ఇప్పుడు మనకు దక్కలేదు; గెలియస్ ఎత్తి రాసుకున్నది మాత్రం మిగిలింది. ఆకాశంలోనో ఇంట్లోనో భయంకరమైన చప్పుడు వినిపించినప్పుడు, హఠాత్తుగా ప్రమాదపు కబురు వచ్చినప్పుడు, మహాజ్ఞాని మనసు కూడా కాసేపు కదులుతుంది, ముడుచుకుంటుంది, ముఖం పాలిపోతుంది. అది అతని ఇష్టం మీద ఆధారపడింది కాదు. జ్ఞానికీ అజ్ఞానికీ తేడా ఆ తర్వాత వస్తుంది. మనసుకు తోచినదానికి, "అవును, ఇది నిజంగా ఘోరమే" అని అజ్ఞాని బుద్ధి వెంటనే ఒప్పుకుంటుంది. జ్ఞాని బుద్ధి ఆ ఒప్పుకోలు ఇవ్వకుండా నిలబడుతుంది.

రోమన్ స్టోయిక్ రచయిత సెనెకా కూడా కోపం గురించి రాసిన పుస్తకంలో ఇదే చెబుతాడు. ఒంటి మీద చన్నీళ్లు చిలకరిస్తే ఒళ్లు జలదరించడాన్ని ఏ తత్త్వమూ ఆపలేదు. చెడ్డ వార్త విన్నప్పుడు రోమాలు నిక్కబొడుచుకోవడమూ అంతే. ఆ తొలి కుదుపును ఆయన దోషంగా లెక్కించడు. ఆ లెక్క ప్రకారం చూస్తే, తండ్రి పోయినప్పుడు వచ్చే కన్నీరు స్టోయిక్ సాధనలో ఓటమి కాదు. రాకపోవడం గెలుపూ కాదు. అది అసలు ఆ పరీక్షలోని ప్రశ్నే కాదు.

సెనెకా తన మిత్రుడు లూసీలియస్‌కు రాసిన ఉత్తరాలు 124 మనకు మిగిలాయి. అందులో 63వది, ఫ్లాకస్ అనే స్నేహితుణ్ని పోగొట్టుకున్న లూసీలియస్‌ను ఓదారుస్తూ రాసినది. స్నేహితుడు పోయినప్పుడు కళ్లు పొడిగా ఉండకూడదు, వరదలై పారకూడదు. కన్నీరు పెట్టాలి గాని గుండెలు బాదుకోకూడదు అంటాడు. ఇంతవరకు ఎవరైనా అనగలరు. ఉత్తరం చివరికి వచ్చేసరికి ఆయన తన సంగతి చెప్పుకుంటాడు: ఈ మాటలు నీకు రాస్తున్న నేను, నా ప్రియమిత్రుడు అన్నేయస్ సెరీనస్ పోయినప్పుడు ఎంతగా ఏడ్చానంటే, దుఃఖానికి లొంగిపోయినవాళ్లకు ఉదాహరణగా, నాకిష్టం లేకపోయినా, నన్నే చూపించవచ్చు. అతను నాకంటే చిన్నవాడు కదా అనుకునేవాణ్ని, మృత్యువు వయసు వరుస పాటిస్తుందన్నట్టు! ఇంకొక ఉత్తరంలో, నేను వైద్యుణ్ని కాను, ఒకే ఆసుపత్రిలో నీ పక్కన పడుకున్న రోగిని, మనిద్దరికీ ఉన్న జబ్బు గురించి మాట్లాడుతున్నానంతే అంటాడు. నీరోకు గురువై, ఆ చక్రవర్తి కొలువులో 30 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) కూడబెట్టాడని శత్రువుల చేత అనిపించుకొని, చివరికి 65లో అదే నీరో ఆజ్ఞ మీద ప్రాణం తీసుకున్న మనిషి ఆయన. ఆయన డబ్బునూ ఉపదేశాన్నీ పక్కపక్కన పెట్టి ఎగతాళి చేసేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. నాకు మాత్రం తన అనారోగ్యాన్ని దాచుకోని ఈ రోగి మాటే పథ్యంగా ఉంటుంది.

రోమన్ వక్త, రచయిత సిసిరో సరేసరి. స్టోయిక్ శాఖలో ఆయన చేరలేదు గాని, వారి వాదాలను లాటిన్లోకి తెచ్చినవారిలో ముఖ్యుడు. క్రీ.పూ. 45 ఫిబ్రవరిలో కూతురు తులియా పోయింది. ఆయన ఆస్టురాలోని తన ఇంటికి వెళ్లిపోయి, పొద్దున్నే దట్టమైన అడవిలోకి పోయి సాయంత్రం దాకా బయటికి వచ్చేవాడు కాదు. "ఇక్కడ నా సంభాషణంతా పుస్తకాలతోనే, దానికి కూడా ఏడుపు అడ్డం వస్తోంది" అని స్నేహితుడు అట్టికస్‌కు రాశాడు. మనసుకు వైద్యం తత్త్వశాస్త్రమే అని ఆయన గ్రంథం రాసినదీ ఆ సంవత్సరమే. ఏడుపు అడ్డం వస్తుండగా రాసిన మాటలవి.

కాబట్టి, కన్నీళ్లు రాలేదని మీరు కుంగిపోవద్దు, గర్వపడనూ వద్దు. కొందరికి దుఃఖం ఆలస్యంగా వస్తుంది, కొందరికి కళ్లలోంచి రాదు. నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస కూడా తగ్గి ఉంటే మాత్రం మానసిక వైద్యుణ్ని కలవండి. అది పుస్తకాలతో తేలే వ్యవహారం కాదు.

ఇప్పుడు "మన చేతిలో లేనివి" అన్న సూత్రానికి వద్దాం. ఎపిక్టీటస్ నేటి తుర్కియేలోని హైరాపోలిస్‌లో పుట్టి, నీరో కార్యదర్శి ఎపాఫ్రొడైటస్ దగ్గర బానిసగా ఉన్నవాడు, కుంటివాడు, స్వేచ్ఛ పొందాక రోములో పాఠం చెబుతుంటే డొమీషియన్ చక్రవర్తి తత్త్వవేత్తలందరినీ వెళ్లగొట్టడంతో గ్రీసులోని నికోపోలిస్ చేరి అక్కడ పాఠశాల నడిపాడు. ఆయన ఏమీ రాయలేదు. శిష్యుడు అరియన్ రాసుకున్న ప్రసంగాల్లో నాలుగు భాగాలు, వాటి సారంగా కూర్చిన చిన్న కరదీపిక మనకున్నాయి. ఆ కరదీపికలో మొదటి వాక్యమే మీకు పట్టిన సూత్రం. మన అభిప్రాయాలు, ప్రయత్నాలు, కోరికలు, విముఖతలు మన అధీనంలో ఉన్నాయి. శరీరం, ఆస్తి, పేరు, పదవి మన అధీనంలో లేవు. ఒకప్పుడు తన శరీరమే ఇంకొకరి ఆస్తిగా బతికిన మనిషి నోట ఈ మాటకున్న బరువు వేరు.

అయితే, అధీనంలో లేనివాటిని పట్టించుకోవద్దని ఆయన ఎక్కడా అనలేదు. ప్రసంగాల రెండో భాగంలో బంతాట పోలిక తెస్తాడు. బంతి మంచిదా చెడ్డదా అని ఆటగాడు ఆలోచించడు. దాన్ని ఎలా విసరాలి, ఎలా అందుకోవాలి అన్నదాని మీదే అతని దృష్టంతా. వస్తువులకు విలువ లేకపోవచ్చు, వాటిని మనం వాడుకునే తీరుకు మాత్రం విలువ ఉంది అన్నది అక్కడి పాఠం. బంతి నాది కాదు కదా అని చేతులు కట్టుకొని నిలబడేవాడు ఆటగాడు కాడు. ఆసుపత్రి సంగతిలో మీరు చేసినది, క్షమించండి, అదే. అమ్మాయి ప్లేట్‌లెట్ల సంఖ్య మీ చేతిలో లేదు, నిజమే. ఆ మంచం పక్కన కుర్చీలో ఎవరు కూర్చోవాలన్నది మీ చేతిలోనే ఉంది.

ఇదే సంగతి మీద ఎపిక్టీటస్ దగ్గర ఒక సంభాషణే ఉంది; మొదటి భాగంలో పదకొండోది. ఒక ప్రభుత్వాధికారి ఆయన్ను చూడడానికి వస్తాడు. పిల్లల మాట అడిగితే, ఈమధ్య మా చిన్నమ్మాయికి ప్రాణం మీదికి వస్తే చూడలేక ఇంట్లోంచి పారిపోయాను, నయమైందని కబురు వచ్చేదాకా తిరిగి రాలేదు అంటాడు. అది సహజమే, తండ్రులంతా అలాగే చేస్తారు అని సమర్థించుకుంటాడు కూడా. ఎపిక్టీటస్ అతణ్ని తిట్టడు, ప్రశ్నలు అడుగుతాడు. పిల్ల మీద తల్లికి ప్రేమ లేదా? ఉంది. అయితే తల్లి కూడా వదిలి వెళ్లిపోవలసిందా? వద్దు. దాదికి ప్రేమ లేదా? ఆమె కూడా వెళ్లిపోవలసిందా? మీ అందరి అతిప్రేమ వల్ల ఆ పిల్ల, ప్రేమ లేనివాళ్ల చేతుల్లో ఒంటరిగా చనిపోవలసిందా? నీకు జబ్బు చేస్తే, నీవాళ్లు నిన్ను ఇలాగే ప్రేమించి ఒంటరిగా వదిలిపోవాలని కోరుకుంటావా? ఆ అధికారి మీకంటే బలహీనుడు, మనసు తట్టుకోలేక పారిపోయాడు; మీరు మనసు స్థిమితంగా ఉందనుకొని వెళ్లలేదు. మంచం పక్కన కుర్చీ మాత్రం రెండు ఇళ్లలోనూ ఖాళీగానే ఉంది. ఈ సంభాషణను మీరూ మీ శ్రీమతీ కలిసి చదివితే బాగుంటుంది. ఎపిక్టీటస్ గురువు ముసోనియస్ రూఫస్, ఆడవారు కూడా తత్త్వం చదవాలని ఆ రోజుల్లోనే వాదించినవాడు.

ఇందులో నేనూ దెబ్బతిన్నవాణ్నే. పాతికేళ్ల కిందట, కరదీపికను కొత్తగా చదివిన ఉత్సాహంలో, తల్లిని పోగొట్టుకున్న మిత్రుడితో "అందరూ మర్త్యులే కదా" అన్నాను. అతను రెండేళ్లు నాతో మాట్లాడలేదు. ఆ చిన్న పుస్తకంలోనే 16వ అంశంలో, ఎవరైనా దుఃఖంతో ఏడుస్తుంటే మాటలతో సానుభూతి చూపడానికి వెనకాడకు, అవసరమైతే అతనితో పాటు నువ్వూ నిట్టూర్చు, లోపల మాత్రం నిట్టూర్చకుండా చూసుకో అని ఉందన్న సంగతి చాలా ఆలస్యంగా గమనించాను. "లోపల మాత్రం" అన్న మాటతో నాకు ఇప్పటికీ పేచీ ఉంది. అది వేరే సంగతి.

స్థలం విషయానికి వస్తే, "నా చేతిలో లేదు" అంటూ రెండు వేర్వేరు పనులు మీరు ఒకేసారి మానేశారు. హక్కు అడగడం ఒకటి, అన్నయ్యతో మాట్లాడడం ఇంకొకటి. మొదటిది మానమని స్టోయిక్కులెవరూ చెప్పలేదు. ఆస్తి మంచీ కాదు చెడూ కాదు, అయినా ఎంచుకోదగినది అన్నది వారి మాట. దానికి సిసిరో గ్రంథంలో విలుకాడి పోలిక చెప్పారు. గురి చూసి కొట్టడానికి చేయవలసినదంతా విలుకాడు చేస్తాడు. బాణం తగలడం అతని శ్రేయస్సుకు కొలత కాదు. కాబట్టి ఆ దస్తావేజు ఎలాంటిదో, మీ నాన్నగారు ఏ పరిస్థితిలో సంతకం చేశారో ఒక మంచి లాయరుకు చూపించండి. ఇలాంటి దావాలకు కాలపరిమితి ఉంటుంది, నాన్చవద్దు. అడగడం మీ పని. తీర్పు మీ పని కాదు.

రెండోదానికి ఎపిక్టీటస్ చెప్పిన మాట మీకోసమే చెప్పినట్టు ఉంటుంది. కరదీపికలో 43వ అంశం: ప్రతి విషయానికీ రెండు పిడులుంటాయి, ఒకటి పట్టుకుంటే మోయగలం, ఇంకొకటి పట్టుకుంటే మోయలేం. నీ సోదరుడు నీకు అన్యాయం చేస్తే, అన్యాయం చేశాడన్న పిడి పట్టుకోకు, దాంతో మోయలేవు. అతను సోదరుడు, నీతో కలిసి పెరిగినవాడు అన్న పిడి పట్టుకో. ఇక్కడ ఒకటి గమనించండి. అన్యాయం జరగలేదని ఆయన అనడం లేదు, మరిచిపొమ్మనీ అనడం లేదు. పిడి ఉన్నదే మోయడానికి. ఈ అన్నయ్యను మీరు ఎలాగూ జీవితాంతం మోయాలి; మాటలు మానేసిన ఎనిమిది నెలల్లో కూడా మోస్తూనే ఉన్నారు, చేతులు కోసుకునే వైపు పట్టుకొని.

ఎపిక్టీటస్‌కూ దొంగతనం అనుభవమే. ఇంట్లో దేవతా మూర్తుల దగ్గర ఇనుప దీపం ఒకటి ఉండేది. కిటికీ దగ్గర చప్పుడైతే కిందికి పరుగెత్తుకొచ్చాడు, దీపం లేదు. రేపు మట్టిదీపం తెచ్చుకుందాంలే అనుకున్నాడు. ఇంకొక చోట అదే దొంగ గురించి, మెలకువగా ఉండడంలో వాడు నాకంటే మెరుగు, కాని ఒక దీపం కోసం దొంగ కావడం అనే వెల చెల్లించాడు అంటాడు. మీ అన్నయ్య ఆ స్థలానికి ఏ వెల చెల్లించాడో, నాన్నగారికి చివరి రెండు నెలలు ఎవరు సేవ చేశారో, ఆ ఇంట్లో ఏం మాటలు నడిచాయో మీ ఉత్తరంలో లేదు. అడిగితే గాని మీకూ తెలియదు. అన్నట్టు, ఆ మట్టిదీపానికి ఎపిక్టీటస్ పోయాక కూడా ఒక కథ ఉంది. దాన్ని ఎవడో మూడు వేల డ్రాక్మాలు పోసి కొన్నాడనీ, ఆ వెలుతురులో చదివితే తనకూ ఆ జ్ఞానం అబ్బుతుందనుకున్నాడనీ లూషియన్ అనే వ్యంగ్య రచయిత వెక్కిరించాడు. ఫోను తెర మీది వాక్యాలను చూసినప్పుడల్లా నాకు ఆ దీపమే గుర్తొస్తుంది.

గీత మాట అడిగారు. పోలిక ఉంది, కాదనలేం: సుఖదుఃఖాల్లో చలించని బుద్ధి రెండు చోట్లా ఆదర్శమే. ఒకదాన్నుంచి మరొకటి వచ్చిందని వాదించేవారి జోలికి నేను పోను. స్టోయిక్కులకు జన్మపరంపర లేదు, మోక్షం లేదు. ఈ ఒక్క బతుకును బుద్ధికి తగ్గట్టు, సద్గుణంతో బతకడమే వారికి సాధనమూ గమ్యమూ. ఆ తేడా పెద్దదే. మీకు పనికొచ్చే పోలిక మాత్రం ఇంకొక చోట ఉంది. స్థితప్రజ్ఞుడి లక్షణాలు కృష్ణుడు చెప్పినది, విల్లు కింద పెట్టేసి కూర్చున్న మనిషిని మళ్లీ పనికి లేపే సందర్భంలో. మీరు అదే మాట పట్టుకొని పనిలోంచి లేచిపోయారు.

చదవడానికైతే, మార్కస్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టమంటాను. ఆయనది ఒంటరి మనిషి డైరీ; ఒంటరిగా చదివేవారిని ఇంకా ఒంటరిగా చేసే ప్రమాదం ఉంది. సెనెకా ఉత్తరాలతో మొదలుపెట్టండి. ఇంగ్లీషు అనువాదాలు తేలిగ్గా దొరుకుతాయి. ఉత్తరాలు కనుక అవతల ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. ముందు 63వది. తర్వాత 12వది: ఊరి బయట తన ఇంటికి వెళ్లి, తన చేత్తో నాటిన చెట్లు ముసలివైపోవడం చూసి, గుమ్మం దగ్గర కూర్చున్న పళ్లూడిన ముసలివాడెవరని విసుక్కుంటే, వాడు చిన్నప్పుడు తాను బొమ్మలు తెచ్చి ఇచ్చిన ఫెలీసియో అని తెలుస్తుంది. నాన్నగారి ఇల్లు గుర్తు రాకుండా మీరు అది చదవలేరు. ఆ తర్వాత కోపం మీద రాసిన మూడు భాగాల పుస్తకం. సెనెకా దాన్ని అంకితం చేసినది సొంత అన్నకే. నోవాటస్ అన్న ఆ పెద్దాయన తర్వాత దత్తత వెళ్లి గల్లియో అయ్యాడు. బైబిలు చదివేవారికి అపొస్తలుల కార్యముల 18వ అధ్యాయంలో, పౌలును విచారణకు తెచ్చినప్పుడు న్యాయపీఠం మీదున్న గల్లియోనుగా ఆయన పరిచయమే.

ఆ పుస్తకం మూడో భాగంలో సెనెకా చెప్పిన రాత్రి అలవాటు ఒకటి ఉంది. దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మాటలు ఆపేశాక, ఆ రోజంతా ఏమన్నాడో ఏం చేశాడో తనలో తాను విచారించుకునేవాడు. ఫలానా చర్చలో మరీ పట్టుదలకు పోయావు, ఫలానావాణ్ని అవసరానికి మించి మందలించావు; ఇకమీదట అలా చేయకు, ఈసారికి క్షమించాను అని తీర్పు చెప్పుకునేవాడు. తనకు తాను వేసుకున్న శిక్ష అంతే. మీరు ఈ రాత్రి మొదలుపెట్టండి, ఒక్క మార్పుతో. మీ ఇంట్లో దీపం ఆరాక మీ శ్రీమతి మాటలు ఆపనక్కరలేదు. ఆసుపత్రిలో ఆ మొదటి రెండు రోజులు ఎలా గడిచాయో ముందు ఆవిడను చెప్పనివ్వండి, మధ్యలో ఏ తత్త్వవేత్త మాటా తేకుండా వినండి.

నాన్నగారి సంవత్సరీకానికి ఇంకా నాలుగు నెలలుంది. ఏర్పాట్ల గురించి అన్నయ్యకు మీరే ముందు ఫోను చేయండి. ఆ ఫోనులో స్థలం ప్రస్తావన వద్దు. లాయరు చేత రాయించవలసిన కాగితం ఉంటే అది వేరే రోజున, వేరే దారిలో వెళుతుంది. మంత్రం చెప్పే పురోహితుడు, వంటవాళ్లు, ఊళ్లో ఎంతమందిని పిలవాలి, నాన్నగారికి ఇష్టమైన కూర ఏది వండించాలి: మొదటి ఫోనుకు ఈ మాటలు సరిపోతాయి. కూర దగ్గర మీ ఇద్దరిలో ఎవరి గొంతు ముందు పూడుకుపోతుందో నేను చెప్పలేను.